కోలినెస్టరేస్ తక్కువగా వస్తే విషమేనా?

మీ అమ్మగారికి ఆపరేషన్‌కి ముందు చేసిన రక్తపరీక్షలో కోలినెస్టరేస్ తక్కువగా వచ్చిందన్నారు. మతిమరుపుకి రివాస్టిగ్మిన్ వాడుతున్నారనీ, ఇంటర్నెట్‌లో వెతికితే అంతా పురుగుమందుల విషం గురించే ఉందనీ రాశారు. ఆసుపత్రి ల్యాబ్‌లో చాలాకాలం ఈ పరీక్ష చేసినదాన్ని. ఆ ఒక్క అంకె చూసి విషం అనేయలేం.

ఈ పేరుతో రెండు ఎంజైములున్నాయి. అసిటైల్‌కోలినెస్టరేస్ నరాల చివర్లలో, ఎర్ర రక్తకణాల మీద ఉంటుంది. నరం కండరానికి కబురు పంపే అసిటైల్‌కోలిన్‌ని పని అవగానే విరిచేయడం దాని డ్యూటీ. రెండోది బ్యూటిరైల్‌కోలినెస్టరేస్, లివర్‌లో తయారై రక్తంలో తిరుగుతుంది. మామూలుగా ల్యాబులు కొలిచేది దీన్నే. లివర్ జబ్బున్నా, ఒంట్లో పోషణ తగ్గినా, గర్భంతో ఉన్నా, పుట్టుకతోనే తేడా ఉన్నా ఇది తగ్గుతుంది. ఇక రివాస్టిగ్మిన్ పనిచేసేదే ఈ రెండింటినీ అణచి. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో మెదడులో అసిటైల్‌కోలిన్ కరువవుతుంది, ఉన్న కాస్తా త్వరగా విరిగిపోకుండా ఆపుతుందన్నమాట. కాబట్టి ఆ మందు వాడేవాళ్ళకి అంకె తగ్గడంలో వింతేమీ లేదు.

ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు, సారిన్ లాంటి యుద్ధ విషాలు దెబ్బకొట్టేదీ ఈ ఎంజైములనే. రివాస్టిగ్మిన్ కొన్ని గంటలకి వదిలేస్తుంది, ఇవి మాత్రం అతుక్కుని బిగుసుకుపోయాక ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు ఇచ్చినా ఊడవు. ఈ పరీక్షకి ఎల్‌మన్ అనే శాస్త్రవేత్త 1961లో ఇచ్చిన పద్ధతిలో ఎంజైమ్ పనిచేస్తే ట్యూబులో పసుపు రంగు వస్తుంది. మామూలు శాంపిల్ చూస్తుండగానే చిక్కబడేది, దాని పక్కనే ఉంచిన విషం తాగినవాళ్ళ శాంపిల్‌కి రంగే ఎక్కేది కాదు. తీసిన రక్తంలో కూడా విషం తన పని తాను చేసుకుపోతుంది, అందుకే ఐస్‌లో పెట్టి పరిగెత్తేవాళ్ళం. అయినా వార్డులో డాక్టర్లు మా రిపోర్ట్ కోసం ఆగేవారు కాదు, ఆగకూడదు కూడా. సూదిమొనంత అయిపోయిన కంటిపాపలు, ఒళ్ళంతా చెమట, నోట్లో నురగ, ఛాతీలో గరగర కనబడితే చాలు, అట్రోపిన్ అనే విరుగుడు మందు మొదలయ్యేది. ఛాతీ శుభ్రపడేదాకా ఇస్తూనే ఉండేవారు. మీ అమ్మగారికి ఇవేవీ లేవంటున్నారు కదా.

నా ఆలోచనంతా ఆపరేషన్ గురించే. గొంతులో గొట్టం వేసేముందు కండరాలు వదులయ్యేందుకు కొన్నిసార్లు సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. దాన్ని విరిచేది ఈ రెండో ఎంజైమే. మామూలుగా పది నిమిషాల్లో దిగిపోతుంది, ఎంజైమ్ మరీ లోపిస్తే గంటలు పట్టొచ్చు, అంతసేపూ వెంటిలేటర్ మీదే ఉంచాలి. ముందే తెలిస్తే మత్తు డాక్టర్ వేరే మందు ఎంచుకుంటారు. అందుకని రిపోర్ట్, మందుల చీటీ రెండూ ఆయనకి చూపించండి. రివాస్టిగ్మిన్ మీ అంతట మీరు ఆపకండి.

పుట్టుకతో వచ్చిన తేడా అని అనుమానముంటే డైబుకైన్ నంబర్ పరీక్ష ఉంది. డైబుకైన్ అనే మందు ఈ రెండో ఎంజైమ్‌ని ఎంత శాతం అణచగలదో ఆ నంబర్ చెబుతుంది. మామూలు ఎంజైముకి 80 దగ్గర వస్తుంది, తల్లిదండ్రులిద్దరి నుంచీ డైబుకైన్‌కి లొంగని రకం వచ్చినవాళ్ళకి 20 దగ్గర. అలా తేలితే మీరూ, మీ తోబుట్టువులూ కూడా చేయించుకోండి.