వరదలో పశువులు పోతే, పూడ్చకముందే చేయాల్సిన పనులు

చిరంజీవి అబ్బాయికి చిన్నాన్న ఆశీస్సులు.

కట్ట తెగి గేదెలు పోయాయని కబురందింది. ఎవరెంత తొందరపెట్టినా రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికి చెప్పకుండా ఒక్కదాన్నీ పూడ్చకు. పశువుల డాక్టరుకీ వీఆర్వోకీ కూడా ఈ రోజే చెప్పు. పరిహారం చాలామందికి ఇక్కడే పోతుంది. వాసనొస్తోందని జేసీబీ పెట్టి పూడ్చేస్తారు, తీరా సర్వేవాళ్ళు వచ్చి "పశువేదీ?" అంటే చూపడానికి ఏమీ ఉండదు.

డాక్టరు వచ్చేలోగా ఫోటోలు తియ్యి. ముందు పశువు చెవికున్న నంబరు పోగు మీది బురదని తడిగుడ్డతో తుడువు, పన్నెండంకెలూ చదవడానికి రావాలి. ఫ్లాష్ పడితే పసుపు ప్లాస్టిక్ మెరిసిపోయి అంకెలు కనబడవు. ఫ్లాష్ ఆపి కాస్త పక్కనుంచి తియ్యి. ఇంకో ఫోటోలో పశువు మొత్తం, పక్కన నువ్వు, వెనక మన కొట్టం పడాలి. పోగు మాత్రం ఊడదీయకు. బీమా ఉంటే క్లెయిముకి అదే ఆధారం.

కొట్టుకుపోయినవాటికి కళేబరం ఉండదు గనక ఇరుగుపొరుగు సంతకాలతో పంచనామా రాయించు. టీకాల నమోదు, పాలకేంద్రం పుస్తకం జతచెయ్యి. సంతలో కొన్న గేదెకి ఆన్‌లైన్లో పేరు మార్పించకపోతే పోగు నంబరు కొడితే పాత యజమాని పేరే వస్తుంది. అదొక్కటీ ముందే చూసుకో.

ఇక పరిహారం లెక్క. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం పెట్టిన ప్రమాణాల్లో పాడిగేదెకి, ఆవుకి 37,500, ఎద్దుకి 32,000, దూడకి 20,000, గొర్రెకో మేకకో 4,000 రూపాయలు. కోడికి 100, అదీ ఇంటికి 10,000 దాటకుండా. రాష్ట్రం తలిస్తే పైన కలుపుతుంది. 2024 సెప్టెంబరు వరదలకి మన ఆంధ్రప్రదేశ్ పాడిపశువుకి 50,000 ప్రకటించింది. అయితే ఇంటికి మూడు పెద్ద పాడిపశువులు, లేదా ముప్పై గొర్రెలో మేకలో, అంతవరకే. అయిదు గేదెలు పోయినా మూడింటికే వస్తుంది. మిగతా రెండింటినీ మీ అన్న ఇంటి లెక్కలో రాయిద్దామని ఎవరో ఒకరు సలహా చెబుతారు, వినకు. పోగు నంబరు పట్టిస్తుంది, ఇద్దరి దరఖాస్తులూ ఆగిపోతాయి.

సర్వేలో ఏం రాశారో అక్కడే చదివించుకో. చూడిపడ్డని "దూడ" అని రాసేస్తే తరవాత దిద్దించడం గగనం. గ్రామ సచివాలయంలో జాబితా అతికించగానే పేరు, పశువు రకం, సంఖ్య చూడు. తప్పుంటే అభ్యంతరం కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. డబ్బు ఆధార్‌కి లింకైన ఖాతాలో పడుతుంది. రెండు మూడు ఖాతాలుంటే ఏది లింకయిందో బ్యాంకులో అడుగు. మూలనపడ్డ పాత ఖాతా అయితే సొమ్ము వెనక్కి పోతుంది.

డాక్టరు చూశాక బావికీ బోరుకీ దూరంగా, ఆరడుగులకి తగ్గని గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చు. ముక్కులోంచి గడ్డకట్టని నల్లనెత్తురు కారుతుంటే అది దొమ్మరోగం (ఆంత్రాక్స్) కావచ్చు. కోయనివ్వకు, తోలు తీయనివ్వకు.

మిగిలినవాటికి గొంతువాపు టీకా వేయించు. తడిసి కుళ్ళిన గడ్డి పెట్టకు. పది రోజుల తరవాత జబ్బుతో పోయినదాన్ని వరద లెక్కలో రాయరు.

చిన్నాన్న