పిల్లల నోట ఇంగ్లీషు: సరిహద్దు పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల నుంచే వచ్చాయి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియానో మరాఠీయో, ఆ పైన ఇంగ్లీషు. పేర్లు తీసేసి, ప్రశ్నలు కుదించి ఇస్తున్నాం.

ప్రశ్న: ఎనిమిదో తరగతిలో 48 మంది. పొడుగు బెంచీలు, కదలవు. జతలుగా మాట్లాడుకోమంటే రెండు నిమిషాల్లో క్లాసు సంతైపోతోంది. పక్క గది మాస్టారు గుమ్మం దాకా వస్తున్నారు. అంత గోలలోనూ ఇంగ్లీషు ముక్క వినపడదు. (ఒక ఉపాధ్యాయుడు, గుణుపురం)

జవాబు: గోల సంగతి తర్వాత చూద్దాం మాస్టారూ. ముందు, వాళ్లకి ఏం ఇచ్చి మాట్లాడమంటున్నారు? ‘మీ ఊరి గురించి చెప్పుకోండి’ అంటే, ఒకే ఊళ్లో పుట్టి పెరిగిన ఇద్దరు చెప్పుకోవడానికి ఏముంటుంది? ఒకడికి తెలిసింది రెండోవాడికి తెలియకూడదు. కానీ అది వాడికి కావాలి. అప్పుడే అడుగుతాడు.

మీ రైలు లైనునే తీసుకోండి. నౌపడా, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం అని ఆరు స్టేషన్లు రాయండి. మొదటి రకం చీటీలో ఒకటి, మూడు, ఐదో స్టేషన్ల టైములు వేసి మిగతావి ఖాళీగా వదలండి. రెండో రకంలో సరిగ్గా దీనికి తలకిందులు. అసలు టైములు మాత్రం వేయకండి. రోజూ ఆ రైలెక్కే ఇంటి పిల్లాడు ఎవర్నీ అడక్కుండానే నింపేస్తాడు. ఏ4 కాగితానికి నాలుగు చీటీలు వస్తాయి కాబట్టి 24 జతలకు రకానికి ఆరు చొప్పున పన్నెండు కాగితాలు చాలు. రెండో రకాన్ని రంగు కాగితం మీద జిరాక్స్ తీయించండి. ఈ ఆట ఎక్కువగా చెడేది జతలో ఇద్దరికీ ఒకే రకం చీటీ పడినప్పుడే. రంగు తేడా ఉంటే బల్ల దగ్గర నుంచే కనిపెట్టేయొచ్చు.

చీటీలు పంచకముందే బోర్డు మీద మూడు వాక్యాలు రాయండి. ‘వాట్ టైమ్ డజ్ ఇట్ రీచ్ టెక్కలి?’, ‘ఇట్ రీచెస్ టెక్కలి అట్ టెన్ ఫిఫ్టీ’, ‘సారీ, కెన్ యూ సే దట్ అగైన్?’. క్లాసంతా రెండుసార్లు చదివాక ‘డజ్’ చెరిపేసి మళ్లీ చదివించండి. తర్వాత ‘రీచ్’, ఆ తర్వాత ‘టైమ్’. నాలుగైదు నిమిషాల్లో బోర్డు ఖాళీ అవుతుంది, వాక్యం నోట్లో మిగులుతుంది. మూడో వాక్యాన్ని మాత్రం చెరపకండి. వినపడనప్పుడు చీటీలోకి తొంగి చూడకుండా ఆపేది అదే. ఆపైన ఒక పిల్లని ముందుకు పిలిచి, మీరిద్దరూ రెండు ప్రశ్నలు ఆడి చూపించండి. ఏం చేయాలో నోటితో వివరించబోతే పది నిమిషాలు పోతాయి, పైగా సగం మందికి అర్థం కాదు.

ఆటకు ఎనిమిది నిమిషాలు ఇవ్వండి, అంతకు మించొద్దు. ఇక గోల. వీపులు ఆనించి కూర్చోబెట్టమని చాలాచోట్ల చెబుతారు. 48 మంది గదిలో అలా చేస్తే ప్రతివాడూ అరిస్తేగాని వినపడదు. పక్కపక్కనే కూర్చోబెట్టి, మధ్యలో బడిసంచీ నిలబెట్టించండి. చీటీ కనపడదు, గొంతు పెంచక్కర్లేదు. ఆపాలంటే చప్పట్లు కొట్టకండి. చెయ్యెత్తి నిలబడితే, చూసినవాడల్లా చెయ్యెత్తి నోరు మూస్తాడు. రెండు మూడు పీరియడ్లలో అలవాటైపోతుంది. ముందే ముగించిన జతల కోసం బోర్డు మూల ఒక ప్రశ్న ఉంచండి: ఏ రెండు స్టేషన్ల మధ్య ఎక్కువ సేపు పట్టింది, ఎన్ని నిమిషాలు?

జిరాక్స్‌కి వీల్లేకపోతే బెంచీలో ఒకడు బోర్డు వైపు, రెండోవాడు వెనక్కి తిరిగి కూర్చుంటారు. మూడు టైములు రాయండి, వెనక్కి తిరిగినవాడు అడిగి నోటుబుక్కులో నింపుకుంటాడు. చెరిపేసి, ఇద్దర్నీ తిప్పి కూర్చోబెట్టి మిగతా మూడూ రాయండి. ఖర్చు సుద్దముక్క.

ఇదేదో సీమదొరల పద్ధతి, మన బడులకు పనికిరాదనే పెద్దలుంటారు. 1979 నుంచి 1984 దాకా భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు నడిపిన, పిల్లలకు పనులిచ్చి ఇంగ్లీషు నేర్పిన బెంగళూరు ప్రాజెక్టు జరిగింది దక్షిణాది మామూలు బడుల్లోనే. అక్కడా ఇలాగే రైలు టైమ్‌టేబుళ్లు, మ్యాపులు పెట్టి పిల్లల చేత పని చేయించారు. సమాచారం ఒకరి దగ్గరే ఉండటం, ఉన్నదాన్నుంచి ఆలోచించి తేల్చడం, అభిప్రాయాలు వేరుకావడం అని ఆయన పనుల్ని మూడు రకాలుగా విడదీశారు. చీటీల ఆట మొదటి రకం, బోర్డు మూల ప్రశ్న రెండో రకం.

ప్రశ్న: మా క్లాసులో తెలుగు, ఒడియా, సవర పిల్లలు కలిసి ఉన్నారు. జత కట్టగానే తెలుగులోకో ఒడియాలోకో జారిపోతారు. ఇంగ్లీషు కాని మాటకు రూపాయి జరిమానా పెడదామని మా సార్ అంటున్నారు. (ఒక ఉపాధ్యాయురాలు, పర్లాకిమిడి)

జవాబు: జరిమానా వద్దమ్మా. జరిమానా పెడితే తెలుగు ఆగుతుంది, దాంతోపాటు మాటే ఆగుతుంది. వేర్వేరు భాషల పిల్లల్ని జత కట్టడం కూడా మీ ఊళ్లో పెద్దగా పనిచేయదు. అక్కడ చాలామందికి రెండు భాషలూ నీళ్లప్రాయం.

ఒక పీరియడ్ బెంచీల మధ్య తిరుగుతూ, వాళ్లు సొంత భాషలోకి జారిన మాటల్ని రాసుకోండి. ‘ఆగు’, ‘ఇప్పుడు నీ వంతు’, ‘అర్థం కాలేదు’, ‘నాకైపోయింది’, ‘నువ్వు చూశావ్, దొంగాట!’ ఇలాంటివే ఎక్కువ కనిపిస్తాయి. పాఠంలో నేర్పిన వాక్యం ఇంగ్లీషులోనే అంటారు. ఆటను నడిపే మాటలు మనం ఎప్పుడూ నేర్పలేదు కదా! ‘వెయిట్’, ‘యువర్ టర్న్’, ‘ఐ డిడ్‌న్ట్ గెట్ దట్’, ‘ఐయామ్ డన్’, ‘నో పీకింగ్!’ అనే ఐదింటిని అట్టముక్క మీద రాసి గోడకు తగిలించండి. వారానికి రెండు చేర్చండి. ఆలోచించి తేల్చాల్సిన పనైతే మొదటి రెండు నిమిషాలు ఏ భాషలోనైనా మాట్లాడుకోనివ్వండి, ఆ తర్వాత ఇంగ్లీషు. ఏం చెప్పాలో తేలాక ఎలా చెప్పాలన్నదే మిగులుతుంది.

మీ ఉత్తరం చివర్లో, అమ్మ గురించి చెబుతూ ‘హీ’ అంటున్నారని రాశారు. అది నిర్లక్ష్యం కాదు. ఒడియాలో ‘సే’ అంటే అతనూ, ఆమే కూడా. తెలుగులో ‘ఆమె వచ్చింది’, ‘బస్సు వచ్చింది’ రెండింటికీ క్రియ ఒకటే కాబట్టి మన పిల్లలు ‘షీ’, ‘ఇట్’ దగ్గర తడబడతారు. దీనికి పన్నెండు ముఖాల ఆట పెట్టండి. ఆరుగురు ఆడ, ఆరుగురు మగ, కొందరికి కళ్లజోడు, కొందరికి టోపీ, కొందరివి ఉంగరాల జుట్లు. గీతల బొమ్మలు చాలు. ఒక్కో బొమ్మ కింద పేరుండాలి. ఒకరు మనసులో ఒకర్ని అనుకుని మొదటి ఆధారం చెబుతారు: ‘షీ హాజ్ కర్లీ హెయిర్’. ‘షీ’ అనగానే రెండోవాడు మగ బొమ్మలన్నీ కొట్టేస్తాడు. పొరపాటున ‘హీ’ అంటే అసలు మనిషే గల్లంతై, చివరికి ఇద్దరూ తగువులాడుకుంటారు. తప్పు ఎక్కడ దొర్లిందో వాళ్లే వెనక్కి వెళ్లి పట్టుకుంటారు.

ప్రశ్న: మాట్లాడేటప్పుడు తప్పులు ఎప్పుడు దిద్దాలి? వెంటనే దిద్దితే పిల్లలు ముడుచుకుపోతున్నారు. దిద్దకపోతే తల్లిదండ్రులు ఊరుకోరు. (ట్యూషన్ చెప్పే పాఠకురాలు, రాయగడ)

జవాబు: అర్థం మారిపోయే తప్పును అక్కడికక్కడే అడగండి. ‘వెస్టా, బెస్టా?’ అన్నట్టు. ఒడియాలో ‘వ’ను ‘బ’గా పలకడం మామూలు కాబట్టి ఆ జోడీ మీకు తరచూ తగులుతుంది. మిగతావి చిన్న పుస్తకంలో రాసుకుని, చివరి ఐదు నిమిషాల్లో ఆరు వాక్యాలు బోర్డు మీద పెట్టండి. నాలుగు తప్పువి, రెండు సరైనవి. ఎవరన్నారో చెప్పొద్దు. ఏవి తప్పో జతలే తేలుస్తాయి. సరైనవి కూడా కలిపితేనే నిజంగా చదువుతారు, లేకపోతే గుడ్డిగా అన్నీ దిద్దేస్తారు. తల్లిదండ్రులకు ఆ బోర్డు రాసుకున్న నోటుబుక్కు చూపించండి.

తెలుగు పిల్లల్లో ఒకదాన్ని ప్రత్యేకంగా వెతకండి. ‘తినలేదా?’ అంటే మనం ‘అవును, తినలేదు’ అంటాం. ‘డిడ్‌న్ట్ యూ ఈట్?’ అంటే ఇంగ్లీషులో ‘నో, ఐ డిడ్‌న్ట్’ అనాలి. తినకపోతే ‘నో’, తింటే ‘యెస్’, ప్రశ్న ఎలా ఉన్నా సరే. ‘యెస్’ అన్నవాడికి అన్నం పెట్టరని చెప్పండి, గుర్తుంటుంది.

ప్రశ్న: ఇంగ్లీషు డిబేట్ పెడితే ఎలా ఉంటుంది? (హైస్కూలు విద్యార్థి, కొరాపుట్)

జవాబు: నలుగురు మాట్లాడతారు, నలభై మంది నిద్రపోతారు. దాని బదులు, వారం రోజులు అడవిలో ఉండాలంటే తీసుకెళ్లాల్సిన ఎనిమిది వస్తువులను ముఖ్యమైన క్రమంలో పెట్టమనండి. మొదట ఎవరికి వారు, తర్వాత ఇద్దరు కలిసి ఒకే జాబితా, ఆపైన నలుగురు కలిసి ఒకటి. ఒప్పించక తప్పదు కాబట్టి ‘బికాజ్’ దానంతటదే వస్తుంది.

ప్రశ్న: మిర్చి ధరలు, ఫోన్ నంబర్లు ఇంగ్లీషులో చెబితే పిల్లలు 52కి 25 రాస్తున్నారు. లెక్కల్లో మాత్రం తప్పు పోరు. (కోచింగ్ సెంటర్ నడిపే పాఠకుడు, ధర్మాబాద్)

జవాబు: మరాఠీలో ఒకట్లు ముందు వస్తాయి. ‘బావన్న’లో ‘బా’ అంటే రెండు, యాభై తర్వాత. ‘పంచవీస్’ కూడా అంతే. చెవి మొదట విన్న అంకెను చెయ్యి ఒకట్ల స్థానంలో రాసేస్తుంది. 2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి లెక్కల పుస్తకంలో పదులు ముందు వచ్చే పద్ధతిని పరిచయం చేసినప్పుడు మహారాష్ట్రలో ఎంత రభస జరిగిందో మీకు తెలిసే ఉంటుంది. మీ పిల్లలకు ఇంట్లోనే మందుంది. తెలుగు ‘యాభై రెండు’, ఇంగ్లీషు ‘ఫిఫ్టీ టూ’ ఒకే వరస. విన్న అంకెను మనసులో తెలుగులో అనుకుని రాయమనండి.

ఆట కావాలంటే ధరల చీటీలే. ఒకడు దుకాణదారు, పది సరుకుల రేట్లుంటాయి. కొనేవాడు ‘హౌ మచ్ ఈజ్ ద రెడ్ చిల్లీ?’ అని అడిగి రాసుకుని, చివర మొత్తం కూడి చెబుతాడు. మొత్తం తేడా వస్తే ఎక్కడో అంకె తిరగబడింది. 13, 30 జోడీని తప్పక పెట్టండి: ‘థర్టీన్’లో చివరి ముక్క సాగుతుంది, ‘థర్టీ’లో బరువు మొదట పడుతుంది.

ప్రశ్న: డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇంగ్లీషులో మాట్లాడటానికి తోడెవరూ లేరు. ఇంటర్వ్యూలో గొంతు పట్టేస్తుంది. (విద్యార్థిని, బరంపురం)

జవాబు: నాలుగు, మూడు, రెండు అనే పద్ధతి ఒకటుంది. పాల్ నేషన్ అనే భాషాబోధన నిపుణుడి రచనల వల్ల బాగా ప్రచారమైంది. ఒకే విషయాన్ని ఒకరికి నాలుగు నిమిషాలు, ఇంకొకరికి మూడు, వేరొకరికి రెండు నిమిషాల్లో చెప్పాలి. చెప్పే సంగతి మారదు కాబట్టి, రెండోసారికి బుర్రకు మాట మీద దృష్టి పెట్టే తీరిక దొరుకుతుంది. తోడు లేదన్నారు, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ‘బరంపురం పట్టుచీరను ఎలా గుర్తుపట్టాలి’ అనుకుందాం. కాగితం మీద ఐదు మాటలే రాసుకోవాలి, వాక్యాలు వద్దు. నాలుగు నిమిషాలు చెప్పి, ఒకసారి విని, ఆగిపోయిన మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి. ఆ మూడింటికీ మాటలు వెతుక్కుని మూడు నిమిషాల్లో, ఆ వెంటనే రెండింటిలో చెప్పండి. గబగబా మాట్లాడటం కాదు, అనవసరమైనది రాలిపోవాలి. మొత్తం రాసి బట్టీపట్టారో, ఇంటర్వ్యూలో మధ్యలో ఒక ప్రశ్న పడగానే తాడు తెగుతుంది. వారంలో నాలుగు రోజులు, రోజుకు ఒకే విషయం.

ప్రశ్న: బాబు మూడో తరగతి, మరాఠీ మీడియం. నేను తెలుగులో ఏడు దాకా చదివాను. ఇంట్లో వాడితో ఇంగ్లీషు ఎలా మాట్లాడించను? (ఒక తల్లి, సిరొంచ)

జవాబు: మహారాష్ట్రలో 2000 నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు ఉంది కాబట్టి వాడికి మాటలు చాలానే తెలుసుంటాయి, వాడే చోటే లేదు. మీకు రెండు మాటలు వస్తే చాలు: యెస్, నో. గుడ్డసంచీలో ఉల్లిపాయ, గరిటె, దువ్వెన, సబ్బు, తాళంచెవి లాంటి వాటిలో ఒకటి వాడికి తెలియకుండా వేయండి. వాడు ‘ఈజ్ ఇట్ హార్డ్?’, ‘ఈజ్ ఇట్ స్మాల్?’, ‘కెన్ ఐ ఈట్ ఇట్?’ అని అడిగి కనుక్కోవాలి. పదిహేను ప్రశ్నలు, అంతే. అడిగే మాటల్ని ముందు రోజు బడిలో టీచర్‌ను అడిగి రాసుకు రమ్మనండి. ‘నాట్’ పెట్టి అడగనివ్వకండి, యెస్, నోల దగ్గర ఇద్దరూ తికమకపడతారు. రెండో ఆటకు సంచీ వాడి చేతికివ్వండి. మీరు తెలుగులో అడుగుతారు, వాడు ఇంగ్లీషులో జవాబు చెబుతాడు. పది నిమిషాలకు ఆపేయండి, వాడు ఇంకా కావాలంటున్నా సరే.