వశీకరణంలో చేసిన ద్రోహానికి బాధ్యులెవరు?

మీరు రాస్తున్న కథలో మాంత్రికుడి వశీకరణానికి లోబడి సొంత తమ్ముణ్ణి పొడిచిన సేనానిని, మంత్రం వీడిన తరువాత దోషిగా చూడవచ్చా అన్నది మీ ప్రశ్న. చూడకూడదు. ఆ విషయంలో నాకు సందేహం లేదు. అయితే ఇటువంటి కథలు "తప్పు నీది కాదు" అన్న ఒక్క మాటతో అతణ్ణి విడిచిపెట్టి సాగిపోవడాన్ని మాత్రం నేను ఒప్పుకోలేను.

కొన్నేళ్ల క్రితం పెద్ద శస్త్రచికిత్స జరిగాక రెండు రాత్రులు నేను సంధి ప్రేలాపనల్లో గడిపాను. చేతికి గుచ్చిన సూదిని పీకబోతుంటే అడ్డుకున్న మా అక్కను తోసివేసి, "నాన్న పోయేటప్పుడు కూడా నువ్వు పక్కన లేవు" అన్నాను. ఆ చివరి ఘడియలో గది బయట ఉండిపోయినందుకు అక్క ఎంత కుమిలిపోయిందో తెలిసినది నాకొక్కరికే. తెలివి వచ్చాక మిగిలినదంతా చెరిగిపోయింది గాని, ఆ మాటా, అది విన్నప్పటి అక్క ముఖమూ గుర్తుండిపోయాయి. "అది నువ్వన్న మాట కాదు, జబ్బే నీ చేత అలా అనిపించింది" అని అక్క ఆ రోజే అంది, ఇంట్లో అందరూ అదే అన్నారు. కానీ మా నాన్న సంగతి జబ్బుకు ఎలా తెలుసు? ఎక్కడ గుచ్చితే ఎక్కువ నొప్పి పుడుతుందో ఎరిగిన నా మనసునే అది ఆయుధంగా వాడుకుంది. వశీకరణంలోని అసలు క్రూరత్వం ఇదేనని నా నమ్మకం: చేయించేది మాంత్రికుడే అయినా, అందుకు కావలసిన సరంజామా అంతా లొంగినవాడి లోపలి నుంచే తీస్తాడు.

మహాభారతంలోని నలుడి కథకు ఈ సంగతి తెలుసు. కలి ఆవహించి, జూదంలో రాజ్యం పోగొట్టుకొని, నిద్రిస్తున్న దమయంతిని అడవిలో వదిలి వెళ్లేటప్పుడు అతడి మనసు ఊయలలా పోతూ వస్తూ ఉంటుంది; అంటే లోపల నలుడు ఇంకా ఉన్నాడు. తిరిగి కలుసుకున్నప్పుడు మాత్రం అదంతా తాను చేసినది కాదనీ, కలి చేసినదనీ చెప్పి, ఆ వెంటనే, తనను రప్పించడానికే రెండవ స్వయంవరం ప్రకటించిన దమయంతిని అందుకు నిలదీస్తాడు. ఆ ఘట్టం చదివినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

మనోబలంతో మంత్రాన్ని తెంచుకునే నాయకులన్నా నాకు కోపమే. 2000లో వచ్చిన నాలుగవ హ్యారీ పాటర్ నవలలో ఎదుటివాణ్ణి చెప్పినట్టల్లా ఆడించే ఇంపీరియస్ శాపాన్ని హ్యారీ ఎదిరించినప్పుడు పాఠకులు ఉప్పొంగిపోతారు గాని, అటువంటి ప్రతి ఘట్టమూ లొంగిపోయినవారిని బలహీనులని చెప్పకనే చెబుతుంది. నలుడి విషయంలోనూ, పన్నెండేళ్లు కాచుకున్న కలికి అతడు కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చిన ఒక్క పొరపాటు చాలిందట. వద్దని పంపిన నింద ఇలా దొడ్డిదారిన తిరిగి వస్తుంది.

ఆ రాత్రి నీకేమనిపించిందని కొన్ని నెలల తరువాత అక్కను నేనే అడిగాను. ఆమె చాలాసేపు చెప్పింది, నేను ఎక్కడా అడ్డుపడకుండా, నన్ను నేను సమర్థించుకోకుండా విన్నాను. క్షమించమని అడగడానికి నాకు అప్పటిగ్గాని నోరు రాలేదు. మీ సేనానిని కూడా తమ్ముడి మంచం పక్కన కూర్చోబెట్టండి. కత్తి దిగినప్పుడు తనకేమనిపించిందో తమ్ముణ్ణే చెప్పనివ్వండి.