పోడు చేనుకు సాక్షి ఎవరు: శాటిలైటా, ఊరి పెద్దలా?

డిజిటల్ టెక్నాలజీ వల్ల ఆదివాసీల కట్టుబాట్లు, పెద్దల పంచాయితీలు ఏమవుతున్నాయని అడిగారు. ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు గోండు గూడేల్లో పోడు (అడవిలో సాగు చేసుకునే భూమి) పట్టాల కోసం దరఖాస్తులు రాసిపెడుతూ కొన్నాళ్లు తిరిగాను. అందుకే భూమి సంగతి వరకే చెప్తాను.

అక్కడ ఏ చేను ఎవరిదో ఊరందరికీ తెలుసు. పేచీ వస్తే ఊరి పెద్ద అయిన పటేల్ దగ్గర కూర్చుంటారు, అక్కడ తెగకపోతే రాయ్ సెంటర్‌కు, అంటే కొన్ని గూడేలకు కలిపి ఉండే గోండుల పెద్దల పంచాయితీకి పోతారు. నలుగురిలో అన్న మాటే పత్రం. 2006 అటవీ హక్కుల చట్టం నియమాలు కూడా దీన్ని కాదనలేదు. ఊరి పెద్దల వాంగ్మూలం, పాత బావులు, సమాధులు, దేవుడి స్థలాలు అన్నీ సాక్ష్యాలే.

చిక్కంతా శాటిలైట్ ఫొటోతో వచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి భూమి చేతిలో ఉండాలన్నది షరతు. ఆ ఏడు బీడు వదిలిన చేను ఫొటోలో అడవిలాగే ఉంటుంది. ఇప్పచెట్లు కొట్టకుండా వాటి మధ్యే జొన్న వేసుకున్న చేనైతే చెప్పనక్కర్లేదు. నేను రాసిన ఒక దరఖాస్తు ఇలాగే ఆగిపోయింది. గట్టు మీద ఆ ఇంటి పెద్దల సమాధి రాళ్లున్నాయి, చూడటానికి ఎవరూ రాలేదు. "స్క్రీన్ మీద పచ్చగా ఉంది కదా" అన్నారు అధికారులు, అంతే. శాటిలైట్ ఫొటో మిగతా సాక్ష్యాలకు తోడే గానీ వాటికి బదులు కాదని ఆ నియమాల 2012 సవరణలోనే ఉంది.

పెద్దగా ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటుంది. జీపీఎస్ కొలతలో ఒక ముక్క ఒక్క ఇంటికే పోతుంది. నేను చూసిన గూడెంలో మాత్రం ఒకరి చేనులో ఉన్న ఇప్పచెట్టు కింద పువ్వు ఏరుకునే హక్కు వేరే ఇంటిది. మ్యాపులో దానికి చోటేదీ? పట్టా చేతికొచ్చాక "నా చేను, నా చెట్టు" అనే కుర్రాళ్లు బయల్దేరారు. పటేల్‌కు ఇది కొత్త తలనొప్పి.

అలాగని ఫోన్ వద్దనను. ఇంకో ఊళ్లో ముసలాయన ముందు నడుస్తూ వాగు, పొలిమేర దేవుడు చూపిస్తుంటే, కుర్రాళ్లు వెనకాలే జీపీఎస్‌లో గుర్తులు పెట్టుకుని సామూహిక హక్కుల (ఊరంతటికీ కలిపి అడవి మీద ఉండే హక్కుల) దరఖాస్తుకు జత చేశారు. సర్వే కొలతతో తేడా వచ్చినప్పుడు ఆ గుర్తులనే సాక్ష్యంగా చూపించారు.

మీకు తెలిసినవాళ్ల దరఖాస్తు ఫొటో చూసి కొట్టేస్తే, కారణం రాతపూర్వకంగా ఇమ్మనండి. దరఖాస్తులను పరిశీలించే సబ్ డివిజన్ కమిటీ కొట్టేస్తే 60 రోజుల్లోగా జిల్లా కమిటీకి వెళ్లొచ్చు. పెద్దల వాంగ్మూలంతో పాటు సమాధులు, బావుల ఫొటోలు లొకేషన్ పడేలా తీసి పెట్టండి.