చౌక హోస్టింగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: చెన్నై టి.నగర్‌లో మాది చిన్న చీరల దుకాణం. వెబ్‌సైట్ పెట్టిద్దామని హోస్టింగ్ (సైటు ఉంచడానికి సర్వర్‌లో చోటు అద్దెకివ్వడం) కంపెనీల కోసం వెతికితే ఒకచోట హోస్టింగర్ మొదటి స్థానంలో ఉంది, ఇంకోచోట బ్లూహోస్ట్, మరోచోట బిగ్‌రాక్. అన్నీ నెలకు వంద రూపాయల దగ్గరే మొదలంటున్నారు. దేన్ని నమ్మాలండీ?

జవాబు: ముందు ఆ 'టాప్ 10' జాబితాలను పక్కన పెట్టండి. అక్కడి లింకు నొక్కి మీరు ప్లాన్ కొంటే చాలాసార్లు రాసినవారికి కమీషన్ ముడుతుంది. ఒక్కో కొత్త ఖాతాకు వేల రూపాయలిచ్చే కంపెనీలు ఉన్నాయి. జాబితాలో వరస ఎలా వచ్చిందో ఇక చెప్పాలా!

పేర్లు వేరైనంత మాత్రాన యజమానులు వేరు కారు. ఎండ్యూరెన్స్ అనే అమెరికా కంపెనీ 2010లో బ్లూహోస్ట్‌ను, 2012లో హోస్ట్‌గేటర్‌ను, 2014లో బిగ్‌రాక్‌ను కొన్నది. అదే 2021లో వెబ్.కామ్‌తో కలిసి న్యూఫోల్డ్ డిజిటల్ అయింది. ఒకదానితో విసిగి రెండోదానికి మారితే, తిరిగి అదే ఇంట్లో అద్దెకు దిగినట్టు. చేతులు మారాక సర్వర్లూ, సపోర్టు మనుషులూ మారుతుంటారు కాబట్టి ఏడేళ్ల కిందటి పొగడ్తకైనా, తిట్టుకైనా పెద్దగా విలువ లేదు.

రివ్యూలు చదవాలనుకుంటే రెండు, మూడు స్టార్లవి చదవండి. 'చాట్‌లో ఫలానా ఏజెంటు చక్కగా సాయం చేశారు' అన్న ఐదు స్టార్లు చాలావరకు చాట్ ముగియగానే కంపెనీ అడిగి రాయించుకున్నవి. రెండో ఏడు రెన్యువల్ కట్టినవాళ్లు ఏమన్నారో చూడండి. అసలు సంగతి అక్కడుంటుంది.

ఎందుకంటే ప్రకటనల్లో కనిపించే నెలకు 99 అన్నది మొదటి విడత ధర మాత్రమే. లెక్క వేద్దాం: నెలకు 99 చొప్పున 36 నెలలకు 3,564 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో సుమారు 4,206. రెన్యువల్ ధర నెలకు 399 అనుకుంటే తర్వాతి 36 నెలలకు పన్నుతో కలిపి 16,950. ఆరేళ్ల సగటు నెలకు 294 అవుతుంది. ప్లాన్లను పోల్చాల్సింది ఈ సగటుతోనే. రెన్యువల్ ధర పేజీ అడుగున చిన్న అక్షరాల్లోనో, కార్టులోనో ఉంటుంది. కనపడకపోతే చాట్‌లో అడిగి, ఆ జవాబును స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. దుకాణానికి జీఎస్టీ నంబరు ఉంటే బిల్లింగ్‌లో తప్పకుండా ఇవ్వండి, మీరు కాంపొజిషన్ పథకంలో లేకపోతే కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు.

ప్లాన్ కొన్నాక డబ్బు వాపసు గడువు ఎన్ని రోజులో చూసుకోండి. చాలాచోట్ల 30 రోజులు. పరీక్షలన్నీ ఆలోపే అయిపోవాలి. మీ చీరల ఫోటోలతోనే నాలుగు పేజీలు పెట్టి, క్యాష్ ప్లగిన్ (ఒకసారి తయారైన పేజీని దాచిపెట్టి మళ్లీ చూపించే చిన్న ప్రోగ్రాం) ఆపేసి, రాత్రి తొమ్మిదింటికి క్రోమ్‌లో ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో మొదటి వరుస మీద నొక్కి టైమింగ్ చూస్తే, సర్వర్ జవాబు కోసం ఎంతసేపు ఆగాల్సి వచ్చిందో తెలుస్తుంది. 800 మిల్లీసెకన్ల లోపు ఉంటే ఫరవాలేదు. ఒక్కసారి చూసి వదలొద్దు. పొద్దున, రాత్రి, ఆదివారం చూడండి. పగలు బాగుండి రాత్రి కుంటితే ఆ సర్వర్‌లో ఖాతాలు కిక్కిరిసి ఉన్నాయని అనుమానించాలి.

డేటాసెంటర్ (సర్వర్లు ఉండే చోటు) ముంబైలో ఉంటే మంచిది. సింగపూర్ అయినా బెంగపడనక్కర్లేదు. చెన్నై నుంచి అక్కడికి సముద్రం అడుగున నేరుగా కేబుళ్లున్నాయి. అమెరికా సర్వర్ అయితే ప్రతి రాకపోకకూ 200 మిల్లీసెకన్ల పైనే పడుతుంది.

హోస్టింగర్‌లో సైటు పనులు చూసుకునే ప్యానెల్ వాళ్ల సొంతది, చాలా హోస్ట్‌లు వాడే సీప్యానెల్ కాదు. వాడటం తేలికే గానీ, రేపు వేరేచోటికి మారితే సీప్యానెల్ ఫుల్ బ్యాకప్ పట్టుకెళ్లి ఎక్కించే సౌకర్యం ఉండదు. ఫైళ్లు, డేటాబేస్, మెయిళ్లు విడివిడిగా తీసుకెళ్లాలి. ఫోటోలు, ఫోన్ నంబరు, దుకాణం మ్యాపు చాలనుకుంటే వీటిలో ఏదైనా నడుస్తుంది. మా సలహా అయితే నాలుగేళ్లకు ఒకేసారి కట్టొద్దు, మొదట ఏడాదికే తీసుకోండి.

ప్రశ్న: ఆడి తగ్గింపు అమ్మకాలకు 2,000 మందికి వాట్సాప్‌లో లింకు పంపాం. సైటు '508 రిసోర్స్ లిమిట్' అని ఆగిపోయింది. మా ప్లాన్ పేరే అన్‌లిమిటెడ్! (పురసైవాక్కం)

జవాబు: అన్‌లిమిటెడ్ అన్నది డిస్క్‌కూ, బ్యాండ్‌విడ్త్‌కూ మాత్రమే. ఒకే క్షణంలో ఎన్ని పీహెచ్‌పీ (సర్వర్‌లో పేజీని తయారుచేసే ప్రోగ్రాం) పనులు నడవొచ్చన్నదానికి హద్దు వేరే ఉంటుంది, దాన్ని ఎంట్రీ ప్రాసెస్ అంటారు. మీ హద్దు 20, ఒక్కో పేజీ తయారవడానికి 2 సెకన్లు అనుకోండి. సెకనుకు పది పేజీలే వెళ్తాయి, ఆపై వచ్చినవారికి 508.

సీప్యానెల్‌లో రిసోర్స్ యూసేజ్ తెరిచి ఏ హద్దుకు తగిలిందో చూడండి. ఎంట్రీ ప్రాసెస్ అయితే పేజీ క్యాష్ పెట్టండి. సర్వర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ లైట్‌స్పీడ్ అయితే దాని క్యాష్ ప్లగిన్ ఉచితం. క్యాష్ అయిన పేజీకి పీహెచ్‌పీ అవసరమే పడదు. కార్టు, చెల్లింపు పేజీలను మాత్రం క్యాష్ చేయకూడదు, ఒకరి కార్టు మరొకరికి కనిపిస్తుంది. సైటు వర్డ్‌ప్రెస్‌తో కట్టిందైతే దాని సొంత క్రాన్ (వేళ ప్రకారం పనులు నడిపేది) ఆపి, సీప్యానెల్ క్రాన్‌లో 15 నిమిషాలకోసారి పెట్టండి. ఈసారి లింకును అందరికీ ఒకేసారి కాకుండా 200 మంది చొప్పున పంపండి. ఇంత చేసినా ఆగితే వీపీఎస్‌కు, అంటే సర్వర్‌లో మీకంటూ విడిగా కేటాయించే భాగానికి వెళ్లాలి. వాటిని అద్దెకిచ్చే డిజిటల్‌ఓషన్‌కు బెంగళూరులోనే డేటాసెంటర్ ఉంది, కానీ సర్వర్ అప్‌డేట్లు, బ్యాకప్‌ల సంగతి మీరే చూసుకోవాలి. లినక్స్ (ఆ సర్వర్లను నడిపే వ్యవస్థ) తెలిసిన మనిషి లేకపోతే అటు పోకండి.

ప్రశ్న: సైటు చిరునామా ముందు తాళం గుర్తు వచ్చే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్‌కు ఏటా 2,500 అడుగుతున్నారు. కట్టాలా? (వేళచ్చేరి)

జవాబు: అక్కర్లేదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం. 90 రోజులదే అయినా ప్యానెల్ దానంతటదే పొడిగిస్తుంది. అది పెట్టనివ్వని హోస్ట్‌ను మార్చేయండి.

ప్రశ్న: డొమైన్ (సైటు పేరు) హోస్టింగ్‌తో పాటు ఉచితంగా వచ్చింది. ఇప్పుడు హోస్ట్ మారాలి. మెయిళ్లు పోతాయేమోనని భయం. (అంబత్తూరు)

జవాబు: హోస్ట్ మారడానికి డొమైన్ బదిలీ అవసరం లేదు, ఆ రెంటినీ ఒకేసారి చేయకండి. ముందురోజు డీఎన్‌ఎస్‌లో (డొమైన్ ఏ సర్వర్‌కు చేరాలో చెప్పే పట్టిక) టీటీఎల్‌ను, అంటే పాత వివరం ఎంతసేపు గుర్తుంచుకోవాలన్న గడువును 300 సెకన్లకు తగ్గించండి. కొత్తచోట ఫైళ్లు, డేటాబేస్ ఎక్కించి, అవే పేర్లతో మెయిల్‌బాక్సులు తెరిచి, పాత మెయిళ్లను ఐమ్యాప్ (మెయిల్‌బాక్సును బయటి నుంచి తెరిచే పద్ధతి) ద్వారా కాపీ చేయండి. ఆ తర్వాతే రికార్డులు మార్చాలి. చాలామంది సైటు ఎక్కడుందో చెప్పే 'A' రికార్డు మార్చి, మెయిళ్లు ఎక్కడికి పోవాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు మర్చిపోతారు. సైటు కొత్తచోట తెరుచుకుంటుంది, ఎంక్వైరీ మెయిళ్లు మాత్రం పాత సర్వర్‌కే పోతుంటాయి. మెయిల్ నిజంగా మీరే పంపారని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు కూడా కొత్తవి పెట్టకపోతే మీరు పంపే కొటేషన్లు జీమెయిల్‌లో స్పామ్‌లో పడతాయి. పాత ఖాతాను ఇంకో పది రోజులు ఉంచండి.

అంతా కుదురుకున్నాక డొమైన్ సంగతి. డాట్ కామ్‌ను కొన్న 60 రోజుల దాకా కదపలేరు. ఆపైన లాక్ తీసి, ఆథ్ కోడ్ (బదిలీకి అనుమతినిచ్చే రహస్య కోడ్) తీసుకుని కొత్త రిజిస్ట్రార్‌కు (డొమైన్లు అమ్మే కంపెనీ) ఇవ్వండి. కట్టే రుసుముతో గడువు ఏడాది పెరుగుతుంది. డొమైన్ గడువు దగ్గరపడితే మాత్రం బదిలీ కోసం ఆగకుండా ఉన్నచోటే రెన్యువల్ చేసేయండి. గడువు, ఆపై రిజిస్ట్రార్ ఇచ్చే గ్రేస్ (అదనపు గడువు) కూడా దాటిపోతే 30 రోజుల రిడెంప్షన్ (విడిపించుకునే) దశలో పడుతుంది, అప్పుడు వెనక్కి తెచ్చుకోవడానికి మామూలు ధరకు ఎన్నో రెట్లు కట్టాలి.