నానమ్మ బొమ్మ వేస్తున్న నీకు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఆయిల్ పాస్టెల్స్‌తో, అంటే నూనె, మైనం కలిసిన రంగు స్టిక్‌లతో, వేసి పంపిన నానమ్మ బొమ్మ చూశాను. పోలిక బాగా కుదిరింది. అయినా ముఖంలో దిగులు రాలేదని రాశావు, నిజమే. ఎందుకంటే దిగులంతా పెదవుల మీదే పెట్టావు. మూతి చివర్లు కిందికి వంచితే అలిగినట్టు కనిపిస్తుంది, అంతే. దిగులు ముందు కనుబొమ్మల్లో తెలుస్తుంది. వాటి లోపలి కొసలు కాస్త పైకి లేస్తాయి, పై రెప్పలు బరువుగా వాలతాయి. నవ్వు కూడా అంతే. మనస్ఫూర్తిగా నవ్వితే బుగ్గలు లేచి కింది రెప్పల్ని పైకి నెడతాయి, కళ్ల పక్కన ముడతలు పడతాయి. పెదవులు మాత్రమే నవ్వితే ఫొటో కోసం నవ్వినట్టుంటుంది. మా అమ్మ ఏడుపు ఆపుకునేటప్పుడు పెదవులు బిగిస్తుంది, గడ్డం మీద చర్మం ముడుచుకుంటుంది. నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఈసారి ఆ గడ్డం గమనించు.

ఇక రంగుల సంగతి. పెట్టెలో ఒంటి రంగు అని ఇచ్చే లేత గులాబీ స్టిక్ పక్కన పెట్టేయ్. అది మన ఇంట్లో ఎవరి రంగూ కాదు. నానమ్మ చామనఛాయకు ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు) తీసుకో. నీడ ఉన్నచోట అడుగున ముదురు ఆకుపచ్చో ఊదారంగో పలుచగా వేసి, దాని మీద గోధుమరంగు వెయ్యి. కళ్ల కింద ఆ ఊదా కొంచెం బయటికి కనబడనిస్తే అలసట దానంతట అదే వస్తుంది. నీడకు నలుపు మాత్రం వాడకు. అది పక్క రంగుల్లోకి పాకి ముఖమంతా మురికి చేస్తుంది. నీడలు తప్ప మిగతా చోట లేత రంగులతో మొదలుపెట్టి ముదురుకు వెళ్లు, ప్రతిసారీ స్టిక్ కొనను గుడ్డతో తుడువు.

నీ బొమ్మలో నాకు బాధ అనిపించింది ఒకటే, అంతా వేలితో రుద్దేశావు. అలా చేస్తే ముఖం మైనపు బొమ్మలా నున్నగా అయిపోతుంది. బుగ్గ దగ్గర రుద్దు, నుదుటి మీద గీతలు గీతల్లాగే ఉండనీ. ఎముక ఎటు తిరిగితే గీత అటు తిరగాలి. దిగులున్న చోట చేతి ఒత్తిడి తగ్గించు, వెలుగు పడే చోట గట్టిగా నొక్కు. వెలుగు వైపు కన్ను అంచు స్పష్టంగా ఉంచి, రెండో వైపు చెంప వెనక నీడలో కలిసిపోనీ. చూసేవాళ్ల చూపు ఆ కంటి దగ్గరే ఆగుతుంది.

నెరిసిన జుట్టుకు ముందు లేత రంగు దట్టంగా పూసి, పైన ముదురు రంగు వేసి, టూత్‌పిక్‌తో గీకు. అడుగు రంగు తెల్ల వెంట్రుకలై బయటపడుతుంది. పొరలు ఎక్కువై స్టిక్ జారుతుంటే బ్లేడుతో మెల్లగా గీకేసి మళ్లీ వెయ్యి. ముఖం కనీసం నీ అరచెయ్యంత ఉండాలి, అంతకన్నా చిన్నదైతే ఈ లావు స్టిక్‌తో కనురెప్పలు పలకవు. కాగితం కాస్త గరుకైనది, మందమైనది తీసుకో.

ఇవి పిల్లల రంగులని ఎవరైనా అంటే పట్టించుకోకు. జపాన్‌లో సకురా కంపెనీ 1925లో పిల్లల కోసమే వీటిని తెచ్చిన మాట నిజం. కానీ 1949లో పారిస్‌లో సెనెలియె సంస్థ పికాసో కోసం చిత్రకారుల స్థాయి ఆయిల్ పాస్టెల్స్ తయారుచేసింది.

ఈసారి ఫొటో చూసి వెయ్యకు. నానమ్మను ఎదురుగా కూర్చోబెట్టి తాతయ్య కబుర్లు అడుగు. ఆవిడ మాట్లాడుతుంటే గబగబా పెన్సిల్ స్కెచ్‌లు కొన్ని వేసుకో, కనుబొమ్మలూ గడ్డమూ చాలు. ఏ స్కెచ్‌లో ఆవిడ కనబడితే దాన్నే రంగుల్లోకి తీసుకో. ఈ రంగు పూర్తిగా ఆరదు కాబట్టి మీద బటర్ పేపర్ వేసి దాచు. ఫ్రేమ్ కట్టించేటప్పుడు అద్దం తగలకుండా మౌంట్, అంటే బొమ్మ చుట్టూ మందపాటి అట్ట అంచు, పెట్టమని చెప్పు. ఎండాకాలంలో స్టిక్‌లు మెత్తబడితే కాసేపు ఫ్రిజ్‌లో పెట్టుకో.

స్కెచ్‌లు కూడా పంపు, చెత్తగా వచ్చాయనుకున్నవి సైతం.

మీ పెదనాన్న