ఖాళీ ఆల్ట్ జోలికి వెళ్లకు

చిట్టితల్లీ,

పాత సైట్ పేజీలన్నిటిలో బొమ్మల ఆల్ట్, అంటే బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే వివరణ, సరిచేసే స్క్రిప్ట్ నువ్వొక్కదానివే రాస్తున్నావని అక్క చెప్పింది. మా ఇంటి పిల్ల అంత పని తలకెత్తుకుందంటే గర్వంగా అనిపించింది. టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

ముందు బ్యాకప్ తీసుకో. ట్యాగుల్ని రెజెక్స్‌తో, అంటే ఉత్త అక్షరాల నమూనాతో, వెతికి మార్చకు, పేజీ నిర్మాణం తెలిసిన పార్సర్‌తో చదివించు. ఇవి నీకు తెలిసినవే.

నా భయమల్లా ఖాళీ ఆల్ట్ గురించే. ఆల్ట్ లేకపోవడం వేరు, ఉండి ఖాళీగా ఉండడం వేరు. ఖాళీగా ఉంచారంటే ఆ బొమ్మ అలంకారానికే, చదవక్కర్లేదని, చూపులేనివాళ్లకి పేజీ చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌కి చెప్పినట్టు. జావాస్క్రిప్ట్‌లో డాట్ ఆల్ట్ అని అడిగితే రెండిటికీ ఖాళీ స్ట్రింగే వస్తుంది. గెట్‌యాట్రిబ్యూట్ వాడితేనే లేనిచోట నల్, అంటే అసలేమీ లేదని, వస్తుంది. పైథాన్‌లో పేజీలు చదివే బ్యూటిఫుల్ సూప్ లైబ్రరీతో చేసినా అంతే, షరతులో 'నాట్' పెడితే రెండూ కలిసిపోతాయి. 'ఈజ్ నన్' అనే అడుగు.

నేను పనిచేసిన ఒక చోట ఈ తేడా చూడని స్క్రిప్ట్ నడిపారు. ఆల్ట్ లేదనుకున్న ప్రతి బొమ్మకీ అది ఫైలు పేరు తగిలించింది. పేరాల మధ్య గీతలు, మెనూలో బాణాలు, ఎవరో ఆలోచించి ఖాళీగా ఉంచినవన్నీ నిండిపోయాయి. పేజీ చూడ్డానికి ఎప్పట్లాగే ఉంది కాబట్టి టెస్టింగ్‌లో ఎవరికీ అనుమానం రాలేదు. చూపులేని సహోద్యోగి ఒకాయన తన హెడ్‌ఫోన్స్ నాకిచ్చి వినమన్నాడు. ఫారంలో ప్రతి గడికీ ముందు 'లైన్ అండర్‌స్కోర్ జీరో టూ డాట్ జిఫ్'. పేరు రాసే గడి దాకా వెళ్లేసరికే విసుగొచ్చింది. ఆయన రోజంతా దాన్ని వింటున్నాడు, అయినా ఒక్క మాట అనలేదు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. వెనక్కి తిప్పుదామంటే పాత కాపీ లేదు. ఏది ముందే ఖాళీగా ఉందో, దేనికి అసలు ఆల్ట్ లేదో తేల్చడానికి పేజీలన్నీ ఒక్కొక్కటిగా తెరవాల్సొచ్చింది.

నీకు తొందరెక్కువ తల్లీ. చిన్నప్పుడు లెక్క చేసి సరిచూడకుండానే పుస్తకం మూసేసేదానివి. అయినా సందేహం వస్తే అర్ధరాత్రయినా లేపి అడిగేదానివి, ఆ అలవాటు మాత్రం పోగొట్టుకోకు.

వివరణలు స్క్రిప్ట్ చేత కల్పించకు. ఆల్ట్ లేని బొమ్మల జాబితా మాత్రమే తీయించు. మనిషి చూసి రాసిన మాటల్నే అది తిరిగి ఎక్కించాలి. లింకులో బొమ్మ తప్ప ఇంకేమీ లేకపోతే అక్కడ ఖాళీ పనికిరాదు, లింకు ఎక్కడికి వెళ్తుందో ఆల్ట్ చెప్పాలి. పాత, కొత్త పేజీల తేడాలు చూపించే డిఫ్‌లో ఖాళీ ఆల్ట్ ఒక్కటి మారినట్టు కనిపించినా ఆపెయ్. తర్వాత కొన్ని పేజీలు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌లో విను, అది ఉచితమే.

జాబితా తయారయ్యాక సగం నాకు పంపు. నేనూ కూర్చుని రాస్తాను.

నీ మామయ్య